ఆసుపత్రి గేటు దాటిన తర్వాత

ఈ ప్రత్యేక సంచికకు నర్సింగ్ వృత్తి చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నర్సుల చరిత్ర అనగానే లాంతరు పట్టుకున్న నైటింగేల్ బొమ్మ ఒకటి వేసి, సేవాభావం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ముగించడం మనకు అలవాటు. ముప్పై ఆరేళ్ళు ఈ ఉద్యోగం చేశాను. అందులో పాతికేళ్ళు పాఠాలు చెప్పాను. కనుక ఆ బొమ్మను పక్కన పెట్టి, నన్ను చాలాకాలం వేధించిన ఒక ప్రశ్న గురించి వ్రాస్తాను. రోగి మంచం దిగి ఇంటికి వెళ్ళిన తర్వాత అతని మంచిచెడ్డలు ఎవరు చూడాలి?

నేను స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు మా వార్డులో అట్ట చిరిగిన పెద్ద రిజిస్టరు ఒకటి ఉండేది. పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో డిశ్చార్జి అని వ్రాసి తేదీ వేస్తే ఆ రోగితో మా పని అయిపోయినట్లే. మంచం మీద దుప్పటి మార్చేవాళ్ళం, ఇంకో మనిషి వచ్చేవాడు. 1976లో క్షయ వార్డులో పనిచేస్తుండగా అలాగే ఒకామె పేరుకు ఎదురుగా వ్రాశాను. నేతపని వాళ్ళ కోడలు, పాతికేళ్ళు కూడా ఉండవు, ఇద్దరు పిల్లల తల్లి. రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు పొడిచాం. జ్వరం పోయింది, ఒళ్ళు చేసింది, నవ్వుతూ వెళ్ళింది. ఏడాది పైగా వేసుకోవలసిన మాత్రలలో నెలకు సరిపడా ఇచ్చి, తక్కినవి తాలూకా ఆసుపత్రిలో తీసుకోవాలని ఇంగ్లీషులో చీటీ వ్రాసి ఇచ్చాం. "రోజూ వేసుకో అమ్మా, మానొద్దు" అని గుమ్మం దగ్గర నేనే చెప్పాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

పధ్నాలుగు నెలల తర్వాత ఆమెను మళ్ళీ తీసుకువచ్చారు. ఈసారి ఆమె నడవలేదు, మంచం మీద మోసుకువచ్చారు. నెల మాత్రలు అయిపోయిన తర్వాత తాలూకా ఆసుపత్రికి పోనేలేదు. ఒంట్లో బాగానే ఉంది కదా అనుకుంది. అవి వేడిచేసే మాత్రలని అత్తగారు అన్నదట. బస్సు ఛార్జీలకు మగ్గం మీద డబ్బు లేదని భర్త అన్నాడట. బట్టలు సర్దుతుంటే ఆమె పసుపు సంచిలో మా చీటీ కనబడింది. ఇచ్చిన మడత ఇచ్చినట్లే ఉంది. ఆమె మా వార్డులోనే పోయింది. ఆ రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా రెండోసారి వ్రాసింది కూడా నేనే.

ఆమెకు అన్నం ఎవరు పెడతారు, మాత్రలు ఎక్కడ పెట్టుకుంటుంది, మందులు తెచ్చే మనిషి ఎవరు అన్నది నేను అడగలేదు. అడగాలని నాకు ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్పలేదన్నది తర్వాత చదువుకుంటేగాని తెలియలేదు. అక్కడి నుంచి చరిత్ర మొదలుపెడతాను.

నైటింగేల్ నర్సింగ్ మీద వ్రాసిన పుస్తకం 1859 చివర వెలువడింది. అది నర్సుల పాఠ్యపుస్తకం కాదు. ఇంట్లో పిల్లలనో ముసలివాళ్ళనో కనిపెట్టుకుని ఉండే మామూలు ఆడవాళ్ళ కోసం వ్రాస్తున్నానని ఆమే ముందుమాటలో చెప్పుకున్నది. ఆ మరుసటి ఏడాది, 1860లో, లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల బడి తెరిచారు. పుస్తకం ఇంటి కోసం, బడి ఆసుపత్రి కోసం. తర్వాత ప్రపంచమంతా బడినే పట్టుకున్నది. ఆమె ఉద్దేశం మాత్రం అది కాదు. ఆసుపత్రి మధ్యలో ఒక మజిలీ మాత్రమేననీ, చివరకు రోగికి సేవ అందవలసింది ఇంట్లోనేననీ ఆమె నమ్మింది.

అదే 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వర్తకుడి భార్య చనిపోయింది. ఆఖరి రోజులలో ఆమెకు పరిచర్య చేసిన నర్సు మేరీ రాబిన్సన్. డబ్బున్న నా ఇంటికే నర్సు ఇంత ఊరట అయితే, ఏమీ లేనివాళ్ళ ఇళ్ళలో ఇంకెంత ఊరట అని ఆయనకు తోచింది. మూడు నెలల జీతం ఇచ్చి ఆమెనే ఆ ఊరి పేదల ఇళ్ళకు పంపాడు. నెల తిరిగేసరికి ఆమె ఆ దైన్యం చూడలేనని, తనను వదిలేయమని కన్నీళ్ళతో వచ్చింది. ఆయన నచ్చజెప్పి మళ్ళీ పంపాడు. మూడు నెలలు పూర్తయ్యేసరికి ఆమే ఈ పని వదలనన్నది. ఇళ్ళకు పంపడానికి శిక్షణ పొందిన నర్సులు దొరకక, నైటింగేల్ సలహా మీద లివర్‌పూల్‌లోనే 1862లో బడి పెట్టారు. ఇంటింటికీ తిరిగే నర్సు అన్న వృత్తి అలా పుట్టింది. న్యూయార్కు పేటలలో లిలియన్ వాల్డ్ ఆ పనినే 1893లో మొదలుపెట్టింది.

మన వైపు సంగతి చూస్తే, మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లో శిక్షణ మొదలయింది. తెలుగునాట మిషన్ ఆసుపత్రులది పెద్ద చెయ్యి. గుంటూరులో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పేరు మన తరం వాళ్ళు వినే ఉంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంతవరకు గడప దాటని ఆడవాళ్ళకు ఆమే గడప లోపలికి వెళ్ళి వైద్యం చేశారు. ఇల్లు ముందు, ఆసుపత్రి తర్వాత! 1918లో ఢిల్లీలో హెల్త్ విజిటర్లకు బడి పెట్టారు. కాని ఎంతమంది తయారయ్యారు? 1946లో భోర్ కమిటీ తేల్చిన లెక్క ప్రకారం దేశంలో 43,000 మందికి ఒక నర్సు, నాలుగు లక్షల మందికి ఒక హెల్త్ విజిటరు. ఈ లెక్క నేను ఏటా నల్లబల్ల మీద వ్రాసేదాన్ని. పిల్లలు సున్నాలు ఎక్కువ పడ్డాయేమో టీచర్ అనేవారు.

అంత కొరత ఉన్నచోట ఉన్న నర్సులంతా వార్డులకే సరిపోలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇది చెబితే మావాళ్ళు కొందరికి కోపం వస్తుంది. నర్సింగ్ బడులు ఆసుపత్రుల లోపల ఉండేవి, వార్డు నడిచేది విద్యార్థినుల రెక్కల కష్టం మీద. పొద్దున్న డ్యూటీ, రాత్రి డ్యూటీ, మధ్యలో కునుకుపాట్లు పడుతూ క్లాసు. ఇక రోగి వెంట ఊరికి పంపితే ఇక్కడ మంచాలు ఎవరు చూస్తారు? సిలబసులో ప్రజారోగ్యం ఉండేది. నాలుగు వారాలు గ్రామంలో తిప్పేవారు. భుజాన సంచి, ఇంట్లోకి వెళ్ళగానే ముందు న్యూస్‌పేపరు పరిచి దాని మీద సంచి పెట్టడం, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సంచి తెరవడం అన్నీ నేర్చుకున్నాం. కాని మేము వెళ్ళిన ఇళ్ళు వేరు, మా వార్డు నుంచి వెళ్ళిన రోగుల ఇళ్ళు వేరు. ఆ రెండింటినీ కలిపిన పాఠం ఒక్కటీ లేదు.

ఆ కలిపే పాఠం మన పొరుగునే, నేను ఉద్యోగంలో చేరక ముందే, తయారై ఉందని 1979లో పబ్లిక్ హెల్త్ నర్సింగ్ కోర్సుకు వెళ్ళినప్పుడు తెలిసింది. క్షయకు అప్పట్లో శానిటోరియమే దారి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచారు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం. అక్కడ చోటు దొరకడమే అదృష్టం. దేశంలో ఉన్న రోగులు లక్షలు, మంచాలు వేలు. మాత్రలు వచ్చాక కూడా, మురికివాడలో ఇరుకు గదిలో ఉండే పేదవాడికి ఇంట్లో నయమవుతుందా, ఇంటిల్లిపాదికీ అంటదా అన్న అనుమానం తీరలేదు. అది తేల్చడానికి మద్రాసు చెట్‌పట్‌లో 1956లో ఒక కేంద్రం పెట్టారు. మన వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టినది. 193 మంది రోగులను చీట్లు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. సగం మంది శానిటోరియానికి, సగం మంది వాళ్ళ ఇళ్ళకే. ఇద్దరికీ ఏడాది పాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్.

1959లో ఫలితాలు వెలువడ్డాయి. శానిటోరియం వాళ్ళకు మంచి తిండి, విశ్రాంతి దొరికాయి. ఇంటివాళ్ళు గంజి తాగుతూ, కొందరు పనికి కూడా పోతూ మందు తిన్నారు. నయమైన తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో తక్కినవాళ్ళకు అదనంగా అంటిందీ లేదు. ప్రపంచమంతా ఆ మాట విన్నది. చాలా దేశాలలో శానిటోరియాలు మూతపడటానికి మద్రాసు పేటల రోగులే కారణమంటే అతిశయోక్తి కాదు. 1962లో మన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం మొదలయింది కూడా ఇంటి వైద్యం మీదనే.

అయితే ఆ పరిశోధనలో నన్ను ఆపేసిన సంగతి వేరు. ఇంటికి పంపిన వాళ్ళను ఊరికే పంపలేదు. మందులు వారానికి సరిపడానే ఇచ్చారు. నర్సులు, హెల్త్ విజిటర్లు చెప్పకుండా ఇంటికి వెళ్ళేవారు. మిగిలిన మందులు లెక్కపెట్టేవారు. మూత్రం పరీక్షించి మందు నిజంగా కడుపులోకి పోయిందో లేదో చూసేవారు. మానేసినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేవారు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడేవారు. దేశం ఆ పరిశోధనలో సగాన్నే పట్టుకుంది. మంచం అక్కరలేదన్న సగం చవకైనది, దాన్ని అమలు చేశాం. గుమ్మం ఎక్కి తలుపు తట్టే మనిషి కావాలన్న సగానికి ఖర్చు ఉంది, దాన్ని వదిలేశాం. అది చదివిన రాత్రి హాస్టలు గదిలో నాకు నిద్ర పట్టలేదు. నా పేషెంటు చనిపోవడానికి పద్దెనిమిదేళ్ళ ముందే ఆమె అవసరం ఏమిటో అచ్చులో ఉంది.

1983లో ట్యూటరునయ్యాక నా చేతనైనది ఒక్కటే చేశాను. మూడో ఏడాది పిల్లలు ఒక్కొక్కరు, తాము చూసిన రోగులలో ఊళ్ళోనే ఉన్న ఒకరి ఇంటికి, డిశ్చార్జి అయిన పది రోజులలో వెళ్ళి రావాలని పెట్టాను. వార్డు సిస్టర్లు విసుక్కున్నారు. సిలబసులో ఎక్కడుందని పైవాళ్ళు అడిగారు. ఆదివారాలు వెళ్ళమన్నాను. మొదటి ఏడే ఒకమ్మాయి పరుగున వచ్చింది. ఆమె వెళ్ళినది రిటైరైన ఒక హెడ్‌మాస్టరు గారి ఇల్లు. రక్తపోటుకు చేరి తగ్గి వెళ్ళారు. రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డారట. మందుల డబ్బా చూపించమని అడిగితే, మేమిచ్చిన మాత్రలతో పాటు, పాత డాక్టరు వ్రాసిన మాత్రలు కూడా అందులో ఉన్నాయి. కంపెనీ పేర్లు వేరు, లోపల మందు ఒకటే. క్రమశిక్షణ గల మనిషి కదా, రెండూ తప్పకుండా వేసుకుంటున్నారు! ఆ డబ్బా తెరవకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ తర్వాత వార్డు సిస్టర్లు విసుక్కోవడం కొంత తగ్గింది.

ఇలాంటి పనిని పెద్ద ఎత్తున చేసి లెక్కలు తీసినవాళ్ళూ ఉన్నారు. కుగ్లర్ గారు చదివిన ఫిలడెల్ఫియాలోనే మేరీ నేలర్ అనే నర్సింగ్ ప్రొఫెసరు చేసిన అధ్యయనం 1999లో అచ్చయింది. 65 ఏళ్ళు దాటిన 363 మందిని తీసుకున్నారు. కొందరికి ఆసుపత్రిలో ఉండగానే ఒక నర్సును అప్పగించారు. ఇంటికి వెళ్ళాక నాలుగు వారాల పాటు ఆ నర్సే వెళ్ళి చూసేది. తక్కినవారిని మామూలుగా పంపేశారు. 24 వారాలలో మళ్ళీ ఆసుపత్రి పాలైనవాళ్ళు మామూలుగా వెళ్ళినవారిలో నూటికి 37, నర్సు వెళ్ళినవారిలో నూటికి 20. మన సంఘంలో 65 దాటని వారెవరు కనుక ఈ అంకెలు మన కోసమే అనుకోండి. ఇప్పుడు మన దేశంలోనూ కర్ణాటక, పంజాబు వంటి రాష్ట్రాలలో కొన్ని ఆసుపత్రులలో, రోగి ఇంకా మంచం మీద ఉండగానే, తోడుగా వచ్చిన కూతురినో కోడలినో కూర్చోబెట్టి నర్సులు పాఠం చెబుతున్నారు. నలభై ఏళ్ళ కిందట నేను ఆ మాట అంటే అటెండర్లను బయటకు పంపమనేవారు.

రెండేళ్ళ కిందట మావారికి గుండెకు స్టెంటు వేశారు. డిశ్చార్జి రోజున తొమ్మిది పేజీల కాగితాలు ఇచ్చారు. నేను కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. పాత అలవాటు. చక్రాల కుర్చీ తెచ్చిన అబ్బాయి లిఫ్టు ఆగదమ్మా అని తొందరపెడుతున్నాడు. ఇంతలో ఒక చిన్న నర్సు వచ్చి ఆ అబ్బాయిని ఆగమన్నది. మందులన్నీ మంచం మీద వరసగా పెట్టి, వివరంగా చెప్పింది. తర్వాత నన్ను చూడకుండా ఆయన్నే అడిగింది: "తాతగారూ, ఇప్పుడు మీరు చెప్పండి, రాత్రి అన్నం తిన్నాక ఏది వేసుకుంటారు?"

నలభై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి, ధీమాగా ఒక స్ట్రిప్పు తీసి చూపించారు. తప్పు. ఆ పిల్ల నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.