చెప్పినాడు, చెప్పాడు: పొడవైన క్రియల్లో విరుపు, ఊనిక

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం నల్లరేగడి నేల. తమిళులు దీన్ని కరిసల్ భూమి అంటారు. విజయనగర రాజుల, మదుర నాయకుల కాలాల్లో దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇల్లు తెలుగు ఇల్లే. అయినా ఆ వలస కథను 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా ఆయన తమిళంలోనే రాశారు. ఇంట్లో తెలుగు, చేతిలో తమిళ లిపి: ఇక్కడి చాలామంది పిల్లల స్థితి కూడా ఇదే. 2006 నాటి చట్టం తమిళనాడు బడుల్లో 1వ తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఆలస్యంగా తెలుగు లిపి పట్టిన విద్యార్థికి పొడవైన క్రియల దగ్గర రెండు సందేహాలు వస్తాయి. మాటను ఎక్కడ విరవాలి? ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలి?

మొదటిది విరుపు. 'చెప్పలేకపోయినాడు' అన్న మాటను చె-ప్ప-లే-క-పో-యి-నా-డు అని ఎనిమిది అక్షరాలుగా లెక్కిస్తాం. నోట మాత్రం విరుపు 'చెప్-ప' అనే పడుతుంది. తమిళ లిపి ఆ పొల్లు హల్లును పైన చుక్క పెట్టి విడిగా చూపుతుంది. తెలుగు లిపి రెండింటినీ ఒకే గుర్తుగా పేర్చి రాస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వం గురువు అని మన ఛందస్సు చెప్పేది ఈ విరుపునే. అంటే తమిళం చదివిన చెవి ఇక్కడ అడ్డు కాదు, సాయం.

రెండవది ఊనిక. స్పానిష్‌లో 'ఆబ్లో' అన్న మాట మొదటి అక్షరాన్ని ఒత్తితే 'మాట్లాడతాను', చివరిదాన్ని ఒత్తితే 'అతడు మాట్లాడాడు'. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు. ఆ పని దీర్ఘం చేస్తుంది. 'చెప్పాడు' అంటే పని జరిగింది. 'చెప్పడు' అంటే జరగదు. దీర్ఘం జారితే జరిగిన పని జరగనిదై కూర్చుంటుంది.

ఈ దీర్ఘానికి చరిత్ర ఉంది. పూర్వరూపం 'చెప్పినాడు'. కోస్తా వాడుకలో నడిమి అక్షరాలు కలిసిపోయి, వాటి గుర్తుగా దీర్ఘం మిగిలింది. కోస్తావారి నోట ఆ అచ్చు 'ఆ'కూ 'ఏ'కూ నడుమ పలకడానికి కారణం, కరిగిపోయిన ఆ ఇకారమే. 'చేయుచున్నాడు' కూడా ఇలాగే కుదించుకుని 'చేస్తున్నాడు' అయింది, అయిదక్షరాలు నాలుగయ్యాయి.

రాయలసీమలోనూ తమిళనాడు తెలుగు ఇళ్లలోనూ 'చెప్పినాడు' వంటి నిండు రూపాలు నేటికీ వినిపిస్తాయి. అక్కడ 'చెప్పడు'తో తికమకకు తావే లేదు. కనుక అవ్వ నోటి మాటను మోటుదని దిద్దుకోవలసిన పని విద్యార్థికి లేదు. పాఠ్యపుస్తకంలోని రూపం కన్నా అదే పాతది. ముందు దాన్ని విరిచి పలికి, తర్వాత 'చెప్పాడు' దగ్గరికి వస్తే, ఆ దీర్ఘం ఎందుకుందో చెవికే తెలుస్తుంది.