కానింగ్ వీధి కత్తి, జంగల్ మహల్ దుప్పి

కోల్‌కతాలో బడాబజారును ఆనుకొని కానింగ్ స్ట్రీట్ ఉంది. నగరపాలక సంస్థ దానికి విప్లవి రాస్‌బిహారీ బసు రోడ్డు అని ఏనాడో పేరు మార్చింది గాని, బేరగాళ్ళ నోట ఇప్పటికీ పాత గవర్నర్ జనరల్ పేరే వినిపిస్తుంది. చైనా సరుకు టోకున దొరికే ఆ వీధిలో టార్చిలైట్లు, గొడుగులు, ప్లాస్టిక్ బొమ్మల పక్కన మడత కత్తులు అట్టపెట్టెల్లో డజన్ల లెక్కన ఉంటాయి. జిల్లాల చిల్లర వర్తకులు ఇలాంటి సరుకునే మూటగట్టి సంతలకు చేరవేస్తారు.

ఏటా వసంతం నుంచి వేసవి దాకా పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్, బాంకుడా, పురూలియా జిల్లాల్లో వేట ఉత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో బల్లేలు, గొడ్డళ్ళు, విల్లంబులతో రైలు దిగుతున్న ఆదివాసుల చిత్రాలు పత్రికలకెక్కుతాయి. వారిని ఆపాలా వద్దా అని రాజధానిలో వాదం మొదలవుతుంది. వాదులాడేవారు ఒక సంగతి మరచిపోతారు. వేటగాని నడుములోని చవక కత్తి వచ్చింది ఈ రేవు నుంచే. అతని వేటను నేరం చేసిన చట్టాలలో తొలివి పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. రెండూ కూడా దాదాపు ఒకే కాలంలో జరిగాయి.

ముందుగా ఆ కత్తి పనేమిటో చెప్పుకోవాలి. దుప్పిని చంపేది కత్తి కాదు. బాణమో, బల్లెమో, గొడ్డలో చంపుతుంది. కత్తి అవసరం ఆ తరువాతనే: తోలు ఒలవడానికి, మాంసం వాటాలు వేయడానికి. సంతాలుల సామూహిక వేటలో ఈ వాటాల పని చిన్నది కాదు. ఎవరి బాణం ముందు తగిలిందో తేల్చాలి, తగవు వస్తే తీర్చాలి. వేట ముగిసిన రాత్రి అడవిలోనే సభ కూడేది. దిహ్రీ అనే వేట పూజారి దానికి పెద్ద. గ్రామపెద్ద మాంఝీ మీద గాని, పరగణా పెద్ద మీద గాని ఫిర్యాదు ఉంటే ఆ సభలో నిలబెట్టి అడగవచ్చు. సంతాల్ సమాజంలో దానిని మించిన న్యాయస్థానం లేదు. ఏడాదికొకసారి పెద్దలందరినీ జవాబు చెప్పమని నిలదీసే ఇలాంటి వేదిక మన పార్లమెంటుకు కూడా ఉంటే బాగుండునని నాబోటి ఢిల్లీ రాజకీయాల విలేఖరికి అనిపించడం సహజం. వేటను వినోదమని, మూఢాచారమని కొట్టిపారేసేవారు ఈ సభను లెక్కలోకి తీసుకోరు.

ఒకప్పుడు ఆ ఇనుము కూడా అడవిదే. బీర్భూమ్ నుంచి ఛోటానాగ్‌పూర్ వరకు మట్టి బట్టీలలో, కాలితో తొక్కే తిత్తులతో, సాల చెక్క బొగ్గుతో ఇనుపరాయిని కరిగించే కుటుంబాలు ఉండేవి. 1855లో కలకత్తాకు చెందిన మెకే కంపెనీ బీర్భూమ్ జిల్లా మహమ్మద్ బజార్‌లో ఇనుప కర్మాగారం పెట్టింది. అదే ఏడాది జూన్ 30న భోగ్నాడీలో సిదో, కన్హూలు సంతాల్ తిరుగుబాటును ప్రకటించారు. కర్మాగారం ఎన్నాళ్ళో నిలవలేదు. నేడు దేవచా–పాచామీ బొగ్గు గని కోసం భూములు అడుగుతున్నదీ, సంతాలులు వద్దంటున్నదీ ఆ మహమ్మద్ బజార్ ప్రాంతంలోనే. ఇనుము కరిగించే వృత్తి మాత్రం తిరిగి లేవలేదు. ఒకవైపు ఓడల్లో దిగిన చవక ఇంగ్లీషు ఇనుము, మరొకవైపు బొగ్గుకు కట్టె దొరకని అడవి. కరిగించేవాడు పోయాడు, సాగగొట్టే కమ్మరి మిగిలాడు. ఈ తేడా ముఖ్యం. కమ్మరి కొలిమికి సీమ ఇనుప కడ్డీ, ఆ తరువాత పాత రైలు ముక్క, ఇప్పుడు లారీ కమాను పట్టీ ముడిసరుకయ్యాయి.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం మూసల్లో తీసిన ఉక్కు పర్షియా వర్తకుల దాకా వెళ్ళింది. 1820ల ఆరంభంలో లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి భారతీయ ఉక్కు గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశారు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తి మన సంతల్లో ఉంది, కోనసముద్రంలో చిట్టెం దిబ్బలు మిగిలాయి.

ఇక 1878 సంగతి. ఆ మార్చిలో లిట్టన్ ప్రభుత్వం కలకత్తాలో వరుసగా మూడు చట్టాలు చేసింది. ఏడవ నంబరు అటవీ చట్టం, తొమ్మిదవ నంబరు దేశభాషా పత్రికల చట్టం, పదకొండవ నంబరు ఆయుధాల చట్టం. చరిత్ర పాఠాల్లో పత్రికల చట్టానికి పెద్ద పీట వేస్తాం. చరిత్ర రాసేవారు పత్రికలు చదివేవారే గనుక. 1882లో రిప్పన్ దానిని రద్దు చేశాడు, విద్యావంతులు ఆయనను వేనోళ్ళ పొగిడారు. మిగతా రెండు చట్టాలను ఆయన ముట్టుకోలేదు. అదే 1882లో ఉప్పు, మద్యం వంటి కొన్నింటిని మినహాయించి దిగుమతి సుంకాలన్నీ ఎత్తివేశాడు. 1894లో ఖజానా అవసరం కొద్దీ తిరిగి విధించేదాకా, పన్నెండేళ్ళపాటు షెఫీల్డ్ కత్తికి కలకత్తా రేవులో అడ్డు లేదు. పత్రికకు విముక్తి, విదేశీ కత్తికి స్వాగతం, అడవికి కావలి, తుపాకికి లైసెన్సు: ఆనాటి ఏర్పాటు ఇది. ఆయుధాల చట్టం కింద ఐరోపావారికి మినహాయింపు ఉండేది. 1887 మద్రాసు కాంగ్రెసు ఆ చట్టంపై తీర్మానం చేసిందిగాని, అటవీ చట్టం వల్ల వేటగానికి కలిగిన కష్టం ఆ సభలకు అంతగా తట్టలేదు.

షెఫీల్డ్ కత్తి ఎదుట దేశీయులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బర్ధమాన్ పక్కన కాంచన్‌నగర్ కత్తులకు, కత్తెరలకు పేరుపడింది. ప్రేమ్‌చంద్ మిస్త్రీ అనే కమ్మరి పనితనాన్ని సీమ సరుకుతో పోల్చి చెప్పుకొనేవారు. జర్మనీ నుంచి ఇంకా చవక సరుకు దిగి షెఫీల్డ్‌కే బెడద అయింది. నకిలీ ముద్రలను ఆపడానికి బ్రిటన్ 1887లో చేసిన చట్టాన్ని అనుసరించి ఇక్కడా 1889లో వాణిజ్య ముద్రల చట్టం తెచ్చారు. అంటే షెఫీల్డ్ ముద్రకు రెండేళ్ళలో చట్టరక్షణ దొరికింది! కాంచన్‌నగర్ కొలిమికి అలాంటి రక్షణ ఏనాడూ లేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో బహిష్కార తీర్మానం చేసినప్పుడు కూడా జనం నోట మెదిలినవి మాంచెస్టర్ బట్ట, లివర్‌పూల్ ఉప్పు, విదేశీ చక్కెర. బిపిన్ చంద్ర పాల్ 1907లో రాజమండ్రి వచ్చినప్పుడు మనవారు పట్టుకున్న స్వదేశీ కూడా ప్రధానంగా బట్టే. విదేశీ కత్తికి లొంగనిది ఒక్క వంటిల్లు. బెంగాలీ ఇల్లాలు వాడే బొఁటీ అచ్చంగా మన కత్తిపీట. కూర్చొని కాలితో అదిమిపట్టి చేపను కోసే ఆ పద్ధతికి సరిపడే వస్తువు సీమలో లేదు.

అడవిలో పరిస్థితి వేరు. జంగల్ మహల్ అడవులు చాలావరకు జమీందార్లవి; అక్కడ అటవీశాఖ కంటే ముందు అడ్డుపడింది మేదినీపూర్ జమీందారీ కంపెనీ వంటి భూస్వామ్యమే. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రావడంతో సాల చెట్టు స్లీపరు అయింది, అడవికి వెల పలికింది, పాత వాడుక హక్కులకు కత్తెర పడింది. ఆ రైల్వే వల్లనే ఖరగ్‌పూర్‌లో మన తెలుగువారు వేలుగా స్థిరపడ్డారు. మన శ్రామికులకు కూడు పెట్టిన రైలు పక్క అడవిలోని సంతాలుల కూడు తీసిందని చెప్పడం కష్టంగానే ఉంటుంది గాని, చెప్పక తప్పదు. 1923లో ఆ ప్రాంతపు సంతాలులు జమీందార్ల చెరువుల మీద పడి పట్టపగలు చేపలు పట్టుకుపోయారు. ప్రభుత్వం దానిని దోపిడీ అంది. తాతలనాటి హక్కును వసూలు చేసుకుంటున్నామని వారు అనుకున్నారు.

సరిగ్గా అంతకు ముందటి ఏడు, ఆగస్టు 22 నుంచి వరుసగా మూడు రోజులు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు తీసుకుపోయింది. 1878 చట్టం మద్రాసుకు వర్తించలేదు. అక్కడ 1882లో వేరే అటవీ చట్టం వచ్చింది. నంబర్లు వేరైనా మన్యంలోనూ పోడు, వేట, కట్టె ఒకే రకంగా నేరాలయ్యాయి. అడవిలో పుట్టినవాడు తుపాకి కోసం పోలీసు స్టేషనుకు పోవలసివచ్చిందంటే ఆయుధాల చట్టం ఎవరి చేతిని ఖాళీ చేసిందో తెలుస్తూనే ఉంది. కలకత్తా మాంటన్ దుకాణంలో తుపాకి కొన్న దొర మాత్రం అదే దుప్పిని కొట్టి, కొమ్ములు గోడకు తగిలించి, శికారు జ్ఞాపకాలు అచ్చువేసుకున్నాడు.

స్వాతంత్ర్యం వచ్చాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దొరకూ ఆదివాసికీ ఒకే నిషేధం పెట్టింది. అప్పటికి దొర వెళ్ళిపోయి పాతికేళ్ళయింది. చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని పీఠికలోనే చెప్పుకున్న 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును స్పష్టమైన మాటల్లో మినహాయించింది. నా ఉద్దేశంలో ఆ మినహాయింపు తప్పు కాదు. జంగల్ మహల్‌లో దుప్పి అరుదైపోయింది; నేటి వేటలో చిక్కేవి అడవిపంది, కుందేలు, ఉడుము, పక్షులు. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ దగ్గరి అడవిలో ఒక పులి చచ్చిపడి ఉంది, వేట ఉత్సవాల రోజుల్లోనే. కలకత్తా హైకోర్టు ఈ వేటలను ఆపమని ప్రభుత్వాన్ని ఆదేశించడానికి కారణాలు బలమైనవే. ఆ అడవిలో దుప్పి ఎందుకు లేకుండా పోయిందన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం బోనులో సంతాలు ఒక్కడే నిలబడుతున్నాడు. స్లీపర్లు కొన్న రైల్వే, అమ్మిన జమీందారీ కంపెనీ, గోడలకు కొమ్ములు తగిలించుకున్న దొరలు సాక్షులుగా కూడా కనిపించరు. వేటను ఆపినప్పుడు దిహ్రీ సభ ఏమవుతుందని అడిగేవారు అంతకంటే అరుదు.

1959 ఆయుధాల చట్టం కింది నియమాలు 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులను ఆయుధాల లెక్కలో చేర్చాయి; ఇంటికి, సాగుకు, పరిశ్రమకు, శాస్త్రపరిశోధనకు ఉద్దేశించినవి తప్ప. లారీ కమాను పట్టీతో ఊరి కమ్మరి సాగగొట్టిన కత్తిని పట్టుకొని పోలీసు ఈ కొలతలు తీయగలడు. అది వంటదో వేటదో తేల్చేది కూడా అతనే. కానింగ్ వీధి మడత కత్తి అరచేతిలో ఇముడుతుంది, దానికి ఏ లెక్కా అడ్డురాదు. ఝార్‌గ్రామ్ సంతలో రెండూ ఒకే పట్టా మీద పరిచి అమ్ముతారు. కమ్మరి కత్తి ధరే ఎక్కువ.