చిన్న కంప్యూటరు, కొత్త వ్యవస్థ

ఇల్లు కొన్నవాడు గదుల నమరికను తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనును. కంప్యూటరు కొన్నవానికి అట్టి స్వేచ్ఛ కలదా? ఈ ప్రశ్నకు ఒక చిన్న యంత్రము చరిత్రయే చక్కని సమాధానము.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రచనను ప్రారంభించెను. మరుసటి యేట అది జీపీఎల్ అను అనుమతిపత్రము క్రిందికి వచ్చినది. నాటినుండి దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దాని చుట్టును తగిన పరికరములను చేర్చి పలువురు పలు నిర్వహణ వ్యవస్థలను కూర్చిరి. 1993లో మొదలైన డెబియన్, 2004లో వచ్చిన ఉబుంటు అట్టివే.

2007 అక్టోబరులో తైవానుకు చెందిన ఏసస్ సంస్థ ‘ఈ-పీసీ 701’ అను లాప్‌టాపును విడుదల చేసెను. తెర 7 అంగుళములు. బరువు కిలోకు లోపు. నిల్వస్థలము 4 గిగాబైట్లు. అందు జాండ్రాస్ అను లినక్స్ వ్యవస్థ ముందే యుండెను. పెద్ద బొమ్మలతో అది కొత్తవారికి సుకరముగనే తోచెను. కాని లోపలి యేర్పాటులో ఒక చిక్కు కలదు. మూలవ్యవస్థ మార్పరాని భాగమున నుండును. సవరణలన్నియు దానిపై పొరవలె వేఱొక భాగమున చేరును. యంత్రము చెడినచో పైపొరను తుడిచిన చాలును, తొలిరూపు వచ్చును. అయితే అక్కరలేని ప్రోగ్రామును తీసివేసినను స్థలము మిగులదు. సవరణ వచ్చినప్పుడెల్ల పాతదియు కొత్తదియు రెండును నిలిచియుండును. 4 గిగాబైట్లలో ఇది పెద్ద భారము.

కావున కొందఱు వ్యవస్థనే మార్ప బూనిరి. యంత్రమునకు సీడీ పెట్టు చోటు లేదు. వేఱొక కంప్యూటరుపై పెన్‌డ్రైవును సిద్ధపఱచి, ఎస్కేప్ మీటను నొక్కి, అందుండి దీనిని మేల్కొల్పవలసి యుండెను. తెర యెత్తు 480 చుక్కలే యగుటచే అడుగున నున్న బటనులు కానరాకుండెడివి. ఆల్ట్ మీటను పట్టి కిటికీని పైకి లాగవలెను. 2008 ఏప్రిలులో వెలువడిన ఉబుంటు 8.04 ఎక్కించినను వైఫై తనంతట పనిచేయలేదు. దిద్దిన డ్రైవరును విడిగా కూర్చుకొనవలసి వచ్చెను. ఈ శ్రమను తగ్గించుటకై డెబియన్ కార్యకర్తలు ఆ యంత్రమునకు ప్రత్యేక స్థాపకమును తయారుచేసిరి. ‘ఉబుంటు ఈ’ అను వ్యవస్థయు వచ్చి, పిమ్మట ‘ఈజీ పీజీ’ అను పేరు దాల్చెను.

వర్తకము వేఱు దారి పట్టెను. 2008లోనే మైక్రోసాఫ్టు చౌక లాప్‌టాపులకై విండోస్ ఎక్స్‌పీ విక్రయకాలమును పొడిగించెను. లినక్స్‌తో వచ్చు చిన్న యంత్రములు క్రమముగా అంగళ్లలో తగ్గెను. 2013 నాటికి ఈ-పీసీ తయారీయే ముగిసెను.

అంగడి విడిచిన యంత్రమును అటుపిమ్మట సాకినది ఆ కార్యకర్తల ఓపికయే. కాని దానికిని హద్దు కలదు. 701లోని ప్రాసెసరు 32 బిట్లది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 అట్టి యంత్రములకు స్థాపకమును ఇచ్చుట మానినది. అనుమతిపత్రము నాడెట్లుండెనో నేడును అట్లే యున్నది. పాత యంత్రములపై ప్రతి మార్పును పరీక్షించి, తప్పులు దిద్దువారు మాత్రము తగ్గిరి. మార్చుకొను హక్కు పత్రమున నున్నంతమాత్రమున చాలదు. దానిని నిలుపుటకు మరమ్మతు చేయువారు కావలెను.