జంటగా కూలిన సర్వర్లు

2012 డిసెంబర్ 22, శనివారం నాడు గిట్‌హబ్‌కు జరిగిన నష్టంలో శత్రువంటూ ఎవరూ లేరు. ఎవరూ చొరబడలేదు, కరెంటు పోలేదు. ఆపద వస్తే ఆదుకోవడానికి పెట్టుకున్న ఏర్పాట్లే, నేర్పిన పని నేర్పినట్టు చేస్తూ కూలిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అక్కడి ఫైల్ సర్వర్లు జంటలు. ఒకదాని డిస్కు మీద రాసిందల్లా డీఆర్‌బీడీ రెండోదానికి చేరవేసేది. పని ఎవరిదో, కాపలా ఎవరిదో పేస్‌మేకర్, హార్ట్‌బీట్ తేల్చేవి. ఇలాంటి లినక్స్ జంటల్లో మామూలుగా ఒక వర్చువల్ ఐపీ ఉంటుంది. అది ఏ నెట్‌వర్క్ కార్డుకూ సొంతం కాదు. పనిచేసే యంత్రం పడిపోతే, రెండోది ఆ అడ్రసును తన ఇంటర్‌ఫేస్ మీదికి తెచ్చుకుని, ఇక నేనున్నానని ఏఆర్‌పీతో చాటుతుంది. ఎంత చక్కటి ఏర్పాటు!

పైనున్న స్విచ్‌లూ ఎమ్‌ల్యాగ్‌తో కట్టిన జంటలే. ఆ రోజు వాటి సాఫ్ట్‌వేర్ మారుస్తుంటే ఇబ్బంది ఎదురైంది. కారణం వెతకడానికి ఒక స్విచ్‌లో, తోటి స్విచ్‌తో మాట్లాడే ఏజెంటు ప్రోగ్రామును ఆపారు. ఏజెంటు ఆగింది గానీ రెండు స్విచ్‌ల మధ్య లింకు తెగలేదు. లింకు కూడా పడిపోయి ఉంటే తోటి స్విచ్ 2 సెకన్లు చూసి, ఎవరికీ తెలియకుండా భారమంతా ఎత్తుకునేది. లింకు కనిపిస్తోంది, పలుకు మాత్రం లేదు. 5 సెకన్లు చూసి తోటి స్విచ్ ఒంటరి స్విచ్‌లా నడవడం మొదలుపెట్టింది. లింకులన్నీ మళ్లీ కుదురుకునేదాకా, సుమారు 90 సెకన్లు, రాకపోకలు ఆగిపోయాయి. లినక్స్ బాండింగ్‌లో మిమాన్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అది చూసేది లింకును, అవతల బదులు పలికేవాళ్లు ఉన్నారో లేదో కాదు.

భద్రత కోసమని ఒక్కో జంటలోని రెండు సర్వర్లనూ వేర్వేరు ర్యాకుల్లో పెట్టారు. ఆ దూరమే శాపమైంది. రాకపోకలు ఆగిన ఆ కాసేపట్లో గుండెచప్పుడు వినబడక ఒకటి రెండోది చచ్చిపోయిందనుకుంది, రెండోదీ అలాగే అనుకుంది. ఇద్దరూ ఒకే డేటా మీద రాయకుండా, తోటి యంత్రాన్ని ముందు ఆపేయమనే స్టోనిత్ ఆజ్ఞలు బయలుదేరాయి. కొన్ని దారి లేక చేరలేదు. నెట్‌వర్క్ తిరిగి లేచేసరికి చాలా జంటల్లో ఇద్దరూ యజమానులమే అనుకుంటున్నారు. ద్వారకలో పుట్టిన ముసలం ఇక్కడా పుట్టింది. యాదవుల్లాగే, బతికున్న యంత్రాలు బతికున్నవాటిని పడగొట్టాయి. ఎన్నో జంటల్లో రెండూ ఆగిపోయాయి.

తిరిగి లేపడం అంతకన్నా కష్టం. పడిపోయేముందు పనిచేస్తున్నదాన్నే ముందు లేపాలి, తాజా డేటా ఉన్నది దాని దగ్గరే. పొరపాటున రెండోదాన్ని లేపితే జనం దాచుకున్న కోడ్ పాతబడిపోతుంది. చాలావాటికి కేంద్ర లాగ్‌లు దారి చూపాయి. కొన్నింటికి అవీ చాలక, ఒక యంత్రాన్ని సేవలేవీ మొదలుపెట్టకుండా లేపి, దాని సొంత లాగ్ చదివి తేల్చుకోవాల్సి వచ్చింది. చివరి జంట కూడా లేచేదాకా సైటు తెరవకూడదని నిర్ణయించుకున్నారు. అందుకు ఐదు గంటలకు పైనే పట్టింది.