మూడో ఆవిడ కథ, మన మూకుట్లో నూనె

జేన్ గుడాల్ పేరు మనలో చాలామంది విన్నదే. 2025 అక్టోబర్ 1న ఆవిడ పోయినప్పుడు మన తెలుగు పేపర్లు కూడా బాగానే రాశాయి. డయాన్ ఫాసీ సంగతి ఇంగ్లీషు సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, 1988లో ఆవిడ మీద 'గొరిల్లాస్ ఇన్ ద మిస్ట్' అని సినిమా వచ్చింది. వీళ్ళిద్దరితో పాటు మూడో ఆవిడ ఒకరున్నారు, ఆవిడ పేరు చెప్పమంటే మాత్రం క్విజ్ పోటీల వాళ్ళు కూడా తల గోక్కుంటారు. బిరూటే గాల్డికాస్. ఒరాంగుటాన్‌ల మీద పనిచేసిన ఆవిడ.

ముగ్గురిలో నాకు ఎక్కువ పట్టింపు ఈవిడ మీదే. కారణం చిన్నది. చింపాంజీల అడవికీ గొరిల్లాల కొండలకీ మా జహీరాబాద్‌తో ఏ లంకే లేదు గానీ, గాల్డికాస్ గారి అడవికి మాత్రం మా ఊరి కిరాణా కొట్టుతో నేరుగా లంకె ఉంది. అదెట్లాగో చివర్లో చెప్తాను, ముందు ఆవిడ కథ.

లూయీ లీకీ అని కెన్యాలో ఆదిమానవుల ఎముకలు తవ్విన పెద్దాయన. ఎముకలు చూస్తే ఆకారం తెలుస్తుంది గానీ ప్రవర్తన తెలియదు కదా, అది తెలియాలంటే మనకి దగ్గర చుట్టాలైన తోకలేని పెద్ద కోతుల్ని అడవిలోనే ఏళ్ళ తరబడి చూడాలి అన్నది ఆయన వాదన. 1960లో గుడాల్‌ని గోంబేకి పంపాడు. ఫాసీ 1967లో రువాండా కొండల్లో క్యాంపు పెట్టుకుంది. 1969లో ఆయన లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలో ఉపన్యాసం ఇస్తే, అయిపోయాక ఒక విద్యార్థిని దగ్గరికెళ్ళి "నేను ఒరాంగుటాన్‌లని చదువుతాను" అంది. జర్మనీలో పుట్టి (1946), కెనడాలో పెరిగిన లిథువేనియా వాళ్ళ అమ్మాయి.

లీకీ ఇంటర్వ్యూ మన కంపెనీల పజిల్ రౌండ్ లాంటిదే. పేకముక్కలు బోర్లా పరిచి, వీటిలో ఎర్రవేవి, నల్లవేవి అని అడిగాడట. "అది చెప్పలేను గానీ, సగం ముక్కలు కొద్దిగా వంగి ఉన్నాయి" అంది. ఆయనకి కావలసింది అదే. అడవికి పోయేముందు అపెండిక్స్ తీయించుకుంటావా అంటే, కావాలంటే టాన్సిల్స్ కూడా తీయించుకుంటా అందట :)

డబ్బు కుదరడానికే రెండేళ్ళు పట్టింది. 1971 నవంబర్‌లో భర్త రాడ్ బ్రిండమోర్‌తో కలిసి బోర్నియో దీవిలో, ఇండొనేషియా వైపు ఉన్న తంజుంగ్ పుటింగ్ అడవికి చేరింది. రోడ్డు లేదు, కరెంటు లేదు, టెలిఫోను లేదు, ఉత్తరం రావాలంటే నెలలు. అడవంటే మనకి తెలిసిన నల్లమల లాంటిది కాదు. బురద నీళ్ళలో నిలబడి ఉండే అడవి. నడుము లోతు నీళ్ళలో నడవాలి, మేజోళ్ళ నిండా జెలగలు. ఒకసారి ఏదో దుంగ మీద కూర్చుంటే దాని జిగురుకి ఒళ్ళు కాలిపోయినంత పనైంది. అక్కడ వేసుకున్న గుడిసెకి క్యాంప్ లీకీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే, 1972 అక్టోబర్‌లో లీకీ చనిపోయాడు.

ఒరాంగుటాన్‌ని చూడటం మహా విసుగు పని. చింపాంజీలు గుంపులుగా తిరుగుతాయి, అరుస్తాయి, కొట్టుకుంటాయి, రాసుకోడానికి బోలెడంత. ఇది ఒంటరి జీవి, వంద అడుగుల ఎత్తున ఆకుల్లో కూర్చుని తింటూ ఉంటుంది. మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. పొద్దున్నే గూడు దిగేముందు చెట్టు కిందికి చేరాలి, సాయంత్రం కొత్త గూడు కట్టుకునేదాకా మెడ పైకెత్తి వెంటపడాలి, మళ్ళీ తెల్లారకముందే అక్కడికి రావాలి. ఏం తింది, ఎంతసేపు తింది, ఎవరిని కలిసింది... నోటుపుస్తకాల నిండా అదే. ఆ విసుగులోంచే నాలుగు వందలకి పైగా ఆహారాల జాబితా బయటికొచ్చింది. 1975 అక్టోబర్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం మీదికెక్కింది. 1978లో పీహెచ్‌డీ వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇంకోటుంది. తంజుంగ్ పుటింగ్‌లో ఒక తల్లి ఒరాంగుటాన్ కాన్పుకీ కాన్పుకీ మధ్య సగటున 7.7 ఏళ్ళు. క్షీరదాల్లో ఇంత ఎడం ఉన్నది దాదాపు ఇంకొకటి లేదు. పిల్ల ఏడెనిమిదేళ్ళు తల్లి వెంటే ఉండి ఏ పండు ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో నేర్చుకుంటుంది. ఒక తల్లి జీవితం మొత్తంలో నాలుగైదు పిల్లలకి మించవు. డేటాతో బతికే మనవాళ్ళు ఒకసారి ఆలోచించండి, ఇక్కడ ఒక్క డేటా పాయింటు కోసం అదే తల్లిని ఎనిమిదేళ్ళు వదలకుండా గమనించాలి. సగటు తీయాలంటే అట్లాంటి తల్లులు కొన్ని కావాలి, వాటి రెండో పిల్లా మూడో పిల్లా కూడా కావాలి. మూడేళ్ళ గ్రాంటు మీద వచ్చి పేపరు రాసుకుని వెళ్ళిపోయేవాడికి ఈ అంకె ఎప్పటికీ దొరకదు.

ఈ అంకె దొరికాక ఇంకేం చేయాలో కూడా అదే చెప్పేస్తుంది. ఇంత నిదానంగా పెరిగే జాతిలో ఏటా నూటికి ఒకటి అదనంగా చచ్చినా జనాభా తగ్గుముఖం పడుతుంది. కానీ జరుగుతున్నది ఏమిటి? పెంచుకోడానికి పిల్లని పట్టాలంటే తల్లిని చంపాల్సిందే, అది పిల్లని వదలదు గనక. అట్లా బోనుల్లో పెరుగుతున్న పిల్లల్ని అటవీశాఖ స్వాధీనం చేసుకుంటే, పెట్టుకోడానికి వేరే చోటు లేక క్యాంప్ లీకీకే తెచ్చేవాళ్ళు. మొదట్లో వచ్చిన సుగితో అనే పిల్లయితే గాల్డికాస్‌ని తల్లి అనుకుని, స్నానానికి పోయినా పడుకున్నా ఒంటిని వదలలేదు. పగలు అడవిలో శాస్త్రం, రాత్రి గుడిసెలో పిల్లల ఆసుపత్రి. ఊళ్ళోవాళ్ళు ఆవిడని 'ఇబు' అని పిలిచేవాళ్ళు, అమ్మ అని అర్థం.

దీని మీద విమర్శ గట్టిగానే వచ్చింది. మనుషుల దగ్గర పెరిగిన జంతువుల్ని అడవి జంతువుల మధ్య వదిలితే జబ్బులు అంటించినట్టే కదా, మీరు శాస్త్రవేత్తా, ఆయమ్మా అని తోటి శాస్త్రజ్ఞులే అడిగారు. 1995లో ఇండొనేషియా ప్రభుత్వం కూడా అడవి ఒరాంగుటాన్‌లు ఉన్న చోట వీటిని వదలకూడదని నిబంధన పెట్టింది. నా ఉద్దేశంలో జబ్బుల విషయంలో విమర్శకులదే న్యాయం. కానీ 1970లలో ఆ పిల్లల్ని ఏం చేయాలో ఆ విమర్శకుల దగ్గర వేరే జవాబు లేదు అన్నదీ నిజమే.

ఇంటి సంగతి కూడా ఒక ముక్క. కొడుకు బింటీ 1976లో పుట్టి ఒరాంగుటాన్‌లతో ఆడుకుంటూ పెరిగాడు. 1979లో భర్త విడిపోయాడు, తర్వాత బింటీ కూడా తండ్రి దగ్గరికి కెనడా వెళ్ళిపోయాడు. ఆవిడ అడవిలోనే ఉండిపోయింది. 1981లో దయాక్ తెగకు చెందిన పాక్ బోహాప్‌ని పెళ్ళి చేసుకుంది. 1982లో తంజుంగ్ పుటింగ్ జాతీయ ఉద్యానం అయింది, దాదాపు 4 లక్షల హెక్టార్లు. 1986లో ఒరాంగుటాన్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ పెట్టారు. 1997లో ఇండొనేషియా ఆవిడకి కల్పతరు పురస్కారం ఇచ్చింది (పేరు చూశారా, మన కల్పతరువే).

మరి ఇంతలో శత్రువు మారిపోయాడు. మొదట్లో వేటగాళ్ళు, ఆ తర్వాత కలప దొంగలు. 1995లో సుహార్తో ప్రభుత్వం అదే రాష్ట్రంలో పది లక్షల హెక్టార్ల బురద అడవిని వరిపొలాలు చేస్తామని మెగా రైస్ ప్రాజెక్టు మొదలెట్టింది. కాలువలు తవ్వారు, నీళ్ళు దిగిపోయాయి, వరి పండలేదు గానీ ఎండిన పీట్ నేల 1997లో అంటుకుంది. ఆ నేల పైన కాదు, లోపల కాలుతుంది, నెలల తరబడి. 2015లో ఇండొనేషియాలో మళ్ళీ 26 లక్షల హెక్టార్లు కాలాయి. కాలిన చోటా నరికిన చోటా చాలావరకు పామాయిల్ తోటలు వచ్చాయి. ఆయిల్‌పామ్ మొక్క మూడు నాలుగేళ్ళకి గెల వేస్తుంది, ఒరాంగుటాన్ తల్లి ఆ టైంకి ఉన్న పిల్లని సగం కూడా పెంచి ఉండదు. 1999 నుంచి 2015 మధ్య బోర్నియోలో లక్షకి పైగా ఒరాంగుటాన్‌లు పోయాయని 2018లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అడవి కొట్టేసిన చోటే కాదు, అడవి మిగిలిన చోట కూడా మనుషులు చంపడం వల్ల.

ఆ నూనె కొనేది ఎవరు? ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే, ఏటా 80-90 లక్షల టన్నులు. రేషన్ షాపులో పామోలిన్‌కి మన ఇళ్ళు అలవాటు పడ్డాయి. 2013లో అమ్మహస్తం కింద 185 రూపాయలకి ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామాయిలూ ఉంది. బిస్కట్లు, మిర్చి బజ్జీలు, సబ్బులు, షాంపూలు, అన్నిట్లో అదే. 2022 ఏప్రిల్‌లో ఇండొనేషియా ఎగుమతులు మూడు వారాలు ఆపేస్తే మన వంటింట్లో అన్ని నూనెల ధరలూ ఉలిక్కిపడ్డాయి, గుర్తుండే ఉంటుంది.

"మానేద్దాం" అనడం తేలిక. కానీ ఎకరానికి ఆయిల్‌పామ్ ఇచ్చినంత నూనె వేరే ఏ పంటా ఇవ్వదు, దాని బదులు ఇంకోటి వేస్తే ఎన్నో రెట్లు భూమి కావాలి. కూలికి పోయేవాళ్ళ ఇంట్లో చవక నూనె పాపం కూడా కాదు. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది, మన రెండు రాష్ట్రాలే అందులో ముందున్నాయి. గోదావరి జిల్లాల్లో, అశ్వారావుపేట దిక్కు అప్పటికే ఉన్న పొలాల్లో వేసుకుంటే ఏ అడవీ పోదు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎండాకాలం చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైన నీళ్ళు తాగే మొక్కని మా జహీరాబాద్ ఎర్రనేలల్లోకి, బోర్లు ఎండిపోయే చోటికి తెస్తానంటే మాత్రం ఒప్పుకోలేను.

మా దిక్కు నూనె గింజలు లేకనా? నల్లరేగడిలో చలికాలం మంచుకే పండే కుసుమలు, అవిశెలు, నువ్వులు. కుసుమకి ముళ్ళు ఉంటాయి గనక చేను చుట్టూ సాళ్ళు వేస్తే గొడ్లు లోపలికి రావు, కంచె ఖర్చు తప్పుతుంది. ఆ ముళ్ళ వల్లే కోతకి కూలీలు దొరకరు, దిగుబడి తక్కువ, ధర గ్యారంటీ లేదు, అందుకే ఒక్కొక్కరూ వదిలేశారు. వదలని వాళ్ళు పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు. ఒకే చేనులో ఇరవై రకాలు కలిపి వేస్తారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వీళ్ళది. అందులో ముఖ్యుడు పి.వి. సతీష్ గారు మైసూరు మనిషి, దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు, మా ఊరొచ్చి నలభై ఏళ్ళు ఉండిపోయి 2023 మార్చిలో పోయారు. ఇట్లాంటి మొండివాళ్ళు బోర్నియోలోనే కాదు, మా మండలంలోనూ ఉన్నారు అని చెప్పడానికే ఆయన పేరు ఎత్తాను.

సిస్టం ముందే కూర్చుని ఉంటారు కాబట్టి ఉపగ్రహ పటంలో తంజుంగ్ పుటింగ్ అని వెతికి చూడండి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముద్ద ఆకుపచ్చ కనిపిస్తుంది. దాని ఉత్తరపు అంచు దాటగానే స్కేలు పెట్టి గీసినట్టు గళ్ళు గళ్ళు, అవి ఆయిల్‌పామ్ తోటలు. ముద్ద ఆకుపచ్చలో పడమటి పక్క సన్నటి గీత సెకోన్యెర్ నది. దాని పాయల్లో కుడిపాయ పట్టుకుని పైకి పోతే క్యాంప్ లీకీ వస్తుంది.