గని ప్రమాదాల విచారణ: నూరేళ్ల అనుభవం

గనిలో మనిషి మరణించిన చోటును కదపరాదని 1952 నాటి గనుల చట్టం శాసించింది. మృతదేహాలను వెలికితీయడం, మరో ప్రమాదాన్ని నివారించడం వంటి కొద్ది అవసరాలకు తప్ప, తనిఖీ అధికారి వచ్చి చూసేదాకా అక్కడి రాయి అక్కడే ఉండాలి. 72 గంటలలోగా ఆయన రాకపోతేనే పని తిరిగి ప్రారంభించవచ్చు. చనిపోయినవాడు నోరు విప్పి చెప్పలేడు గనుక, అతడు పనిచేసిన చోటే అతని పక్షాన సాక్ష్యం చెప్పాలన్న భావన ఈ నిబంధనకు ప్రాణం. దాని వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది.

రాణీగంజ్ ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1774లో మొదలైంది. ఆ తరువాత నూట పాతికేళ్ల పాటు గని కార్మికుల భద్రతకు మన దేశంలో ప్రత్యేక చట్టమంటూ లేదు. 1894లో భూగర్భ పరిశోధన శాఖ కింద తొలి గనుల తనిఖీ అధికారి నియామకం జరిగింది. 1897లో మైసూరు సంస్థానంలోని కోలారు బంగారు గనుల్లోను, బలూచిస్థాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలోను సంభవించిన ఘోర ప్రమాదాలు చట్ట నిర్మాణాన్ని వేగిరపరచాయి. 1901లో భారత గనుల చట్టం వచ్చింది. మరుసటి ఏడు జనవరి 7న కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం ఏర్పడింది. 1908లో అది బొగ్గు గనుల నడుమనున్న ధన్‌బాద్‌కు తరలింది. నేటి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌కు మూలం అదే.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1952 చట్టం ప్రమాద సమాచారానికి ఒక క్రమాన్ని ఏర్పరచింది. ప్రాణనష్టం గాని తీవ్ర గాయాలు గాని జరిగితే గని యజమాని, ఏజెంటు లేదా మేనేజరు అధికారులకు నోటీసు పంపాలి. దాని ప్రతిని కార్మికులందరూ చూసేలా నోటీసు బోర్డుపై కనీసం 14 రోజులుంచాలి. ప్రాణనష్టం జరిగిన ప్రమాదంపై రెండు నెలలలోగా విచారణ జరపాలి. ప్రమాదం పెద్దదైతే కేంద్ర ప్రభుత్వం విచారణ న్యాయస్థానాన్ని నియమించవచ్చు. సాక్షులను పిలిపించడానికి, పత్రాలను రప్పించడానికి దానికి సివిల్ కోర్టు అధికారాలుండేవి. ఆ నివేదికను ప్రకటించడం ప్రభుత్వానికి విధి. గనిలోకి నీరు చొచ్చుకొని వచ్చినప్పుడు ఎవరికీ గాయం కాకపోయినా సమాచారం పంపి తీరాలనడం వీటన్నిటిలోను ముఖ్యమైనది. నేటి అపాయసూచన రేపటి మరణవార్త కారాదన్నదే దాని ఆంతర్యం.

ఇంతటి ఏర్పాటు ఉన్నా 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా గని మునిగిపోయింది. పైనున్న పాత తవ్వకాల్లో నిలిచిన నీరు నడిమి అడ్డును ఛేదించుకొని దిగువ పని స్థలాలను ముంచెత్తింది. 375 మంది జలసమాధి అయ్యారు. పాత తవ్వకాల నీటి వల్ల కలిగే అపాయం ఎవరికీ తెలియనిది కాదు. అటువంటి తవ్వకాలకు 60 మీటర్ల దరికి చేరాక ముందస్తు లిఖిత అనుమతి లేకుండా పని సాగించరాదని బొగ్గు గనుల నియమావళి అప్పటికే విధించింది. ఈ దుర్ఘటన నేపథ్యంగా 1979లో 'కాలా పత్థర్' అనే హిందీ చిత్రం వెలువడింది. విచారణ న్యాయస్థానం తన పని ముగించిన తరువాత కూడా క్రిమినల్ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2012లో ధన్‌బాద్ న్యాయస్థానం ఇద్దరు అధికారులను దోషులుగా నిర్ధారించేనాటికి 36 ఏళ్లు గడచిపోయాయి.

చాస్‌నాలా నేర్పిన పాఠం గోదావరి తీరానికి పూర్తిగా చేరలేదు. 1889లో ఇల్లెందులో తవ్వకం ప్రారంభమైన నాటి నుండి తెలుగు నేలలో బొగ్గుబాయి పని ఎన్నో కుటుంబాలకు తరతరాల జీవనాధారం. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని సింగరేణి గనిలోకి పాత తవ్వకాల నీరు ఒక్కసారిగా చొరబడగా 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మళ్లీ విచారణ న్యాయస్థానం ఏర్పడింది. రెండు ప్రమాదాల నడుమ 27 ఏళ్లున్నా, ప్రాణాలు తీసింది ఒకే విధమైన నీరు.

గని నిరంతరం మారుతుంది. నిన్న మనుషులు నడిచిన దారి నేడు మూతపడి, రేపు నీటితో నిండుతుంది. ఆ మార్పును గుర్తుంచుకోవలసినవి గని పటము, రోజువారీ తనిఖీ పుస్తకము. ఆ కాగితంలో ఒక గీత తప్పినా, గోడ చెమ్మగిల్లిందన్న కార్మికుని మాట అందులోకి ఎక్కకపోయినా, తరువాత ఎంతటి న్యాయమూర్తి విచారణ జరిపినా పోయిన ప్రాణం తిరిగిరాదు. పైగా ప్రమాద సమాచారం పంపవలసిన మేనేజరే తరువాత విచారణలో సమాధానం చెప్పుకోవలసినవాడు కావడంతో, నిజం రాసే చేతికి భయం అడ్డుపడుతుంది. చట్టం ఎంత వివరంగా ఉన్నా ఈ చిక్కు పూర్తిగా విడిపోలేదు.

2020లో పార్లమెంటు 13 కార్మిక చట్టాలను కలిపి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించింది. అలా కలిసినవాటిలో గనుల చట్టమూ ఒకటి. ప్రమాద సమాచారమిచ్చే విధి, ప్రాణనష్టంపై రెండు నెలలలో విచారణ జరపాలన్న నియమం కొత్త స్మృతిలోను చోటు చేసుకున్నాయి. ఇక నివేదికలలోని మాట గని అడుగున పనిచేసే కార్మికుని చెవిన, అతని భాషలో పడడం మిగిలింది. బీరువాలో భద్రంగా ఉన్న నివేదిక భూమి అడుగున ఎవరినీ కాపాడలేదు.