రామదాసు కీర్తనలో లెక్క, నింద, పశ్చాత్తాపం

కంచర్ల గోపన్న రచించిన 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనను నిందాస్తుతిగా పేర్కొనడం పరిపాటి. ఆ పేరు కీర్తనలోని పశ్చాత్తాపాన్ని మరుగుపరుస్తుంది. తానీషా ఏలుబడిలో (1672-1687) పాల్వంచ పరగణా తహశీల్దారైన గోపన్న, భద్రాచల ఆలయానికి ప్రభుత్వ ధనం వెచ్చించి గోల్కొండ చెరసాల పాలయ్యాడని సంప్రదాయ చరిత్ర. ప్రాకారానికీ, దేవతల నగలకూ అయిన వరహాలను చరణాలలో వరుసగా పేర్కొనడం రెవెన్యూ అధికారి జమాఖర్చు పద్ధతే. ప్రభువుకు అప్పజెప్పవలసిన లెక్కను ఆయన దైవానికి అప్పజెప్పాడు. ఆ లెక్క క్రమంగా నిందగా మారుతుంది. చివరకు, హింసను భరించలేకే దూషించానన్న మన్నింపు వేడుకోలుగా పరిణమిస్తుంది. గానంలో ప్రతి చరణం తర్వాతా పలుకుమని ప్రార్థించే పల్లవి తిరిగి వస్తుంది. అందువల్ల ఎంతటి తీవ్రమైన నిందా ప్రార్థన నుంచి తెగిపోదు. వ్యక్తిగత వేదనను అణచకుండానే భక్తిగా నిలిపినది ఈ నిర్మాణమే.